అరుగు మీద కుట్టిన బొంతలు

పోయిన వారం మనవరాలితో కలిసి మా ఊరి శుద్ధనీటి ఘటకానికి పోయాను. రూపాయి బిళ్ళ వేస్తే బిందె నిండా నీళ్ళు పోసే చిన్న రేకుల గది అది. పిల్ల బిందె పట్టుకుంటుంటే నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. అక్కడొక బోర్డు ఉందని నాకు ఆ రోజు దాకా తెలియదు, ఎందుకంటే దాన్ని తలుపుకు పైన, ఎత్తున కొట్టారు, నా మెడ అంత పైకి లేవదు. ఒక పక్క మేకు ఊడి జారి వేలాడుతుంటే నా కంటికి అందింది. పచ్చబడిన పళ్ళు, మడవరాని మోకాళ్ళు, తిరగని మెడ, వంగని నడుము, ఇవన్నీ ఫ్లోరైడు ఉన్న పాడు నీళ్ళ వల్ల వస్తాయని కన్నడంలో రాసి, పక్కన కర్రలా బిగుసుకుపోయిన ఒక ఆడమనిషి బొమ్మ వేశారు. మనవరాలు ఆ బొమ్మనూ నన్నూ మార్చి మార్చి చూసి, "అవ్వా, నీ ఫోటో యాడ దొరికిందో వీళ్ళకు" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చినాక మాత్రం కోపం వచ్చింది.

కోపం ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేను. ఆ బోర్డులో రాసిన నాలుగు మాటలూ నాకు ఇరవై ఏడేళ్ళప్పుడు కావలసినవి. అప్పట్లో మందు కూడా నేను అంతగా కోరలేదు. నాకుండేది నిజమైన జబ్బేనని, నేను పని దొంగను కానని ఒక్క మనిషి నమ్మితే చాలనుకున్నాను. ఆ ఒక్క మనిషి కూడా ఊళ్ళో ఎవరో అయితే లాభం లేదు, మా అత్త అయి ఉండాలి. అత్త నమ్మితే ఇల్లు నమ్ముతుంది, ఇల్లు నమ్మితే ఊరు నమ్ముతుంది. నా ఈడు ఆడవాళ్ళకు ఈ సంగతి విప్పి చెప్పనక్కర్లేదు.

నన్ను పావగడ పక్క అరసికెరె దగ్గరి ఈ ఊరికి ఇచ్చేనాటికి నాకు పద్దెనిమిది. మా పుట్టిల్లు సరిహద్దుకు ఆ పక్క, అనంతపురం జిల్లాలో. భాష ఒకటే, ఎండ ఒకటే, పంట ఒకటే, బళ్ళో పిల్లలకు చెప్పే అక్షరాలు మాత్రం వేరు. పెళ్ళయిన కొత్తలో అంతా శెనక్కాయ మాటే. విత్తనం ఒలిచేది, ఆకాశం చూసేది, విత్తేది, మళ్ళీ ఆకాశం చూసేది, కలుపు తీసేది, పీకేది, కాయలు కోసేది. ఈ పనుల్లో ఆకాశం చూడటం మగవాళ్ళది, వంగే పనులన్నీ ఆడవాళ్ళవి. మూడేళ్ళకు ఒక ఏడు పంట చేతికి వస్తే అదే భాగ్యం. శెనక్కాయ పండించే ఇంటికి కోడలంటే మొదట కావలసింది వంగే నడుము, ఆ తర్వాతే రూపమూ గుణమూ.

మా మామ పట్టుదల మనిషి. ఊరి బావిలో నీళ్ళు అడుగంటుతున్నాయని, పైగా ఆ బావి గట్టు మీద దాయాదులతో మాటా మాటా వచ్చిందని, పెళ్ళయిన రెండో ఏడు మా చేను మొగదలలో బోరు వేయించాడు. అప్పటికే ఊళ్ళో ఎవరెవరివో బోర్లు దుమ్ము కక్కి ఊరుకున్నాయి. మాది మాత్రం సాయంత్రం దాకా తొలిచి తొలిచి, లారీ వాళ్ళు ఇక ఆపుదామనుకునే వేళకు బూడిదరంగు నీళ్ళు చిమ్మింది. ఆ నీళ్ళలో ఊరంతా తడిసింది. మా మామ ఆ లారీకి పసుపు రాసి, టెంకాయ కొట్టి, మొదటి చెంబు నీళ్ళు కొత్త కోడలినని నా చేతికే ఇచ్చాడు. చల్లగా, తేటగా, తియ్యగా ఉన్నాయి. విషానికి రుచి ఉంటుందనుకునే మనిషికి అంతకంటే మోసం మరొకటి లేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక కట్టడి. మా ఇంటివాళ్ళు మా బోరు నీళ్ళే తాగాలి. ఊరి బావిలో తాగడానికి సరిపడా నీళ్ళు ఇంకా ఊరుతూనే ఉండేవి, ఇప్పుడు తలచుకుంటే అవే మంచి నీళ్ళు, కానీ ఆ గట్టెక్కితే దాయాదుల ముందు తల వంచినట్టని ఆయన లెక్క. పండగ పూట పప్పు ఉడకదని, బావి నీళ్ళయితే మెత్తగా ఉడుకుతుందని ఒకసారి మా అత్త కడవ తీసుకొని బయలుదేరితే, వాకిట్లోనే కడవ లాక్కొని పగలగొట్టాడు. ఆమె మళ్ళీ ఆ దారి తొక్కలేదు. పప్పు ఉడకని నీళ్ళు ఎముకలను ఏం చేస్తాయో ఆలోచించే తీరిక ఎవరికుంది.

ఏడెనిమిదేళ్ళు ఏమీ తెలియలేదు. మధ్యలో ఒక కొడుకు పుట్టాడు. వాడికి ఐదేళ్ళు నిండే వేళకు నాకు పొద్దున లేస్తే నడుము పట్టుకుపోవడం మొదలైంది. బిడ్డను కన్న ఒళ్ళు, అంతేలే అన్నారు. తర్వాత మెడ. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక మనిషంతా తిరిగేదాన్ని, పొగరని అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. తర్వాత మోకాళ్ళు. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. కలుపు తీసే సాలులో అందరూ ముందుకు పోతుంటే నేను ఒక్కదాన్నే వెనక నిలబడి, వంగలేక, కొడవలితో గాలిని కోస్తున్నట్టు ఉండేదాన్ని. పావగడలో ఒక డాక్టరుకు చూపిస్తే వాయువు అని సూది మందు వేశాడు. ఊళ్ళో ఒకాయన నడుము మీద వాతలు పెట్టాడు, ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. మా అత్త మొక్కుకుంది కూడా. అవన్నీ అయిపోయి నొప్పి మాత్రం పోకపోయేసరికి, మందుకు లొంగనిది జబ్బు కాదు, బద్ధకమని తీర్మానమైపోయింది.

ఆ రోజుల్లోనే మా అమ్మ చూసిపోవడానికి వచ్చింది. ఒక సంచి నిండా దర్జీ కొట్లో మిగిలిన గుడ్డముక్కలు, నాలుగు పాత నూలు చీరలు, రెండు దారపు ఉండలు తెచ్చింది. మంచానికి ఆనుకొని నిలబడ్డ నన్ను చూసి ఏడవలేదు, ఆమెకు ఆ అలవాటు లేదు. "చెయ్యి ఊరకుంటే మనసు నొప్పి మీదకే పోతాదమ్మా, చేతికి ఏదో ఒకటి చెప్పు" అని మాత్రం అంది. మా పుట్టింట్లో బొంతలు కుట్టడం ఆడవాళ్ళకు వేసవి పని. పాత చీరలు ఉతికి, మడతలు వేసి, పైన రంగుముక్కలు పరిచి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ పోతాం. చివరి మూల మూసేముందు మా అమ్మ నాలుగు రాగి గింజలు లోపల వేసేది, కడుపు ఖాళీగా ఉన్న బొంత ఇంటికి మంచిది కాదని.

అందరూ బొంతను నేల మీద పరిచి, దాని మీదే కూర్చొని కుడతారు. నాకు నేల అందదు. అందుకని మంచాన్ని అరుగు దగ్గరికి జరిపి, బొంతను మంచం మీద పరుచుకొని, అరుగు మీద కాళ్ళు వేలాడేసుకొని కూర్చొని కుట్టే పద్ధతి నేనే కనిపెట్టుకున్నాను. మా ఇంట్లో వెలుతురూ ఎత్తూ రెండూ ఉన్న చోటు అదొక్కటే, వీధి అరుగు. నేను చేసిన తప్పల్లా ఏమైనా ఉంటే అదే. లోపల చీకట్లో మూలుగుతూ పడి ఉంటే పాపం అని ఉండేవాళ్ళేమో, వీధిలో పోయే ప్రతి మనిషికీ కనిపించేట్టు పట్టపగలు కూర్చొని సూది ఆడించాను.

కుట్టు గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఆ రోజుల్లో నాకు దక్కిన మేలు అదొక్కటే. నొప్పి అనేది పొద్దంతా మనిషిని చూస్తూ కూర్చునే చుట్టం లాంటిది, దానితో మాట్లాడకపోతే అలుగుతుంది, మాట్లాడితే పోదు. సూది చేతిలో ఉంటే దానికి కాస్త ఎదురుచెప్పినట్టు ఉండేది. ఈ వరుస అయ్యేదాకా ఓర్చుకుందాం అనుకునేదాన్ని. వరుస అయ్యేది. ఇంకొక్క వరుస అనుకునేదాన్ని. పచ్చముక్క పక్కన ఎర్రది పెట్టాలా, బెల్లంరంగుది పెట్టాలా అని తేల్చుకునేలోగా ఎండ అరుగు దిగిపోయేది. నా ఒళ్ళు నా మాట వినడం మానేశాక కూడా నా వేళ్ళు విన్నాయి. అంత జబ్బులో కూడా నేను చేసిన పనిని చూసుకొని నాకు నేను ముచ్చటపడ్డ రోజులున్నాయని చెప్పుకోవడానికి సిగ్గుపడను.

సరే, ఊరు చూసింది. కుండ మూతికి మూత పెట్టగలం గాని ఊరి మూతికి పెట్టగలమా? చేలోకి పోయే ఆడవాళ్ళు అరుగు ముందు ఆగి, మంచం మీద కుట్టే రాణీగారు అని నవ్వుకొని పోయేవాళ్ళు. వాళ్ళు నవ్వింది నాకు అంత తగల్లేదు. ఒకరోజు మా అత్త కలుపు నుంచి వచ్చి, చేతులకు మన్ను కూడా కడుక్కోకుండా అరుగు ముందు నిలబడింది. మంచం మీద సగం కుట్టిన బొంత ఉంది. దాన్ని కాసేపు చూసి, "కలుపు తీసేకి వంగని నడుము, బొంత కుట్టేకి యాడనుంచి వచ్చిందే?" అని అడిగి, జవాబు కోసం నిజంగానే ఆగింది. నడుము వంచకుండా కూర్చొనే కుడుతున్నానని, వేళ్ళకు ఇంకా జబ్బు రాలేదని నేను చెప్పాను. చెబుతుంటే నాకే అది అబద్ధంలా వినిపించింది. ఆమె తల ఊపి లోపలికి పోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజే సూదిని గోడకు గుచ్చి పెట్టేశాను. నేను కుట్టకుండా ఉంటేనైనా నమ్ముతుందేమోనని ఆశ. రెండు నెలలు సూది ముట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ రెండు నెలలే నా జబ్బు కాలమంతటిలోకి చెడ్డవి, చేతికి పని లేక నొప్పి నన్ను పూర్తిగా తినేసింది. మా అత్త నమ్మలేదు సరికదా, ఇప్పుడు ఆ పని కూడా చేయడంలేదని అంది. దాంతో నాకు మొండితనం వచ్చి, కార్తీకంలో కాయ పీకే రోజు అందరితో పాటు చేలోకి పోయాను. మధ్యాహ్నం దాకా ఎట్లా పీకానో దేవుడికి తెలుసు, వంగి కాదు, మోకాళ్ళ మీద పాకుతూ. ఆ తర్వాత కళ్ళకు చీకట్లు కమ్మి సాలులోనే పడిపోయాను. మా ఆయన నన్ను ఎత్తి బండిలో పీకిన శెనక్కాయ కట్టె మీద పడుకోబెట్టి ఇంటికి తెచ్చాడు. ఎండదెబ్బ అని మజ్జిగ తాగించారు. ఇంతా చేసి నేను రుజువు చేసింది ఏమిటంటే, పోవాలనుకుంటే నేను చేలోకి పోగలననే.

మా ఆయన సంగతి మీరు అడగకపోయినా చెప్పాలి. మంచివాడు. పొద్దున నన్ను పట్టి లేపేవాడు, జడ వేయడానికి చేతులు ఎత్తలేకపోతే ఎవరూ చూడకుండా దువ్వేవాడు. తన తల్లి ముందు మాత్రం నోరు విప్పేవాడు కాదు. ఆ దువ్వడం పదిమంది ముందు చేసి ఉంటే నాకు వెయ్యి మందులతో సమానమని ఆయనకు ఎవరు చెబుతారు.

మళ్ళీ సూది పట్టుకున్నాను. ఎట్లాగూ పేరు పోయింది, సుఖమైనా ఎందుకు పోగొట్టుకోవాలి? అప్పటికి నైలాను చీరల కాలం వచ్చేసింది. నైలాను బొంతకు పనికిరాదు, సూది కింద జారిపోతుంది, చెమట పీల్చదు. పాత నూలు చీరలున్న ముసలమ్మలు వెతుక్కుంటూ నా దగ్గరికి వచ్చేవాళ్ళు. నవ్విన నోళ్ళే, ఇంటి వెనక నుంచి వచ్చి, మా కోడలి పురిటికి ఒకటి కుట్టిపెట్టమ్మా అని మెల్లగా అడిగేవి. వద్దనలేదు. ఎవరింటి చీర ఎక్కడ చిరుగుతుందో, ఎవరు పొయ్యి దగ్గర ఎక్కువ కూర్చుంటారో, ఎవరు కొంగుతో కళ్ళు తుడుచుకుంటారో ఆ చీరలు చెప్పేవి. అరుగు దిగకుండానే ఊళ్ళో ఆడవాళ్ళందరి బతుకూ నాకు తెలిసిపోయింది.

అప్పుడు మా ఆడబిడ్డ తొలి కానుపుకు పుట్టింటికి వచ్చింది. నాకంటే చిన్నది, నేనంటే కాస్త ఇష్టమే. దాని బిడ్డ కోసం నేను ఒక చిన్న బొంత కుట్టాను. మా వైపు పసిబిడ్డ కింద వేసేది కొత్తగుడ్డ కాకూడదు, నిండుగా బతికిన పెద్దముత్తైదువ కట్టి విడిచిన చీర అయి ఉండాలి, ఆ ఆయుస్సు బిడ్డకు వస్తుందని. అందుకని మా అత్త విడిచిన చీరనే అడిగి తీసుకొని, ఎన్ని ఉతుకులు ఉతికానో, బుగ్గకు ఆనించుకుంటే వెన్నలా ఉండేట్టు చేశాను. నా చేతి పనిలో అంతకంటే మంచిది ముందూ లేదు, తర్వాతా లేదు. ఏడోనాడు బిడ్డకు నీళ్ళుపోశాక మా ఆడబిడ్డ దాన్ని పరవబోతుంటే మా అత్త చెయ్యి పట్టుకొని ఆపింది. "దాని చేతిది పసిబిడ్డ కింద ఎట్ల పరుస్తావ్? దానికి ఏం రోగం ఉండాదో ఏమో."

గదిలో నలుగురు ఆడవాళ్ళున్నారు, ఎవరికీ ఆ మాట వింతగా అనిపించలేదు. చేను దగ్గర నాకు రోగం లేదు, బిడ్డ దగ్గర నాకు రోగం ఉంది. ఒకే నోరు, ఒకే కోడలు. నన్ను నమ్మడానికి ఇన్నేళ్ళుగా దొరకని దారి ఆమెకు ఒక్క నిమిషంలో దొరికింది, అదీ నన్ను గెంటేయడానికి. అయితే నాకు రోగం ఉందని ఒప్పుకున్నట్టేనా అత్తా అని అడగాలని నోటి దాకా వచ్చింది. బాలింత ఇల్లు కదా అని మింగేశాను. ఆ బొంత నాకు తిరిగి ఇచ్చేశారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి అరుగు మీద నా నడుము వెనక పెట్టుకున్నాను, అది చినిగి పీలికలయ్యేదాకా.

తర్వాత కొన్నేళ్ళకు, తొంభైల మధ్యలో అనుకుంటాను, ఎవరో నీళ్ళు పరీక్ష చేసేవాళ్ళు సీసాలు పట్టుకొని ఊరూరా తిరిగారు. మా బోరు నీళ్ళూ పట్టుకుపోయారు. కొన్నాళ్ళకు వచ్చి, ఇవి తాగడానికి పనికిరావు, ఇట్లాంటి బోరు నీళ్ళ వల్లే మీ ఊళ్ళో పిల్లల పళ్ళు అట్లా ఉన్నాయి, పెద్దల ఎముకలు బిగుసుకుంటున్నాయి అని చెప్పి, మా తొట్టికి ఎర్రరంగు గుర్తు వేసి పోయారు. నేను అరుగు మీద కూర్చొని ఆ మాటలన్నీ విన్నాను. ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు అత్త నా వైపు చూస్తుంది అనుకున్నాను. మా మామ మాత్రం మండిపడి, "మా బోరు నీళ్ళు తాగి మా ఎద్దులు ఎట్లుండాయో చూసి పోండప్పా" అని వాళ్ళ వెనకే అరిచి, కిరసనాయిలు పోసి, టెంకాయ పీచుతో ఆ ఎర్రగుర్తు పోయేదాకా రుద్దాడు. మా అత్త పక్కన నిలబడి నీళ్ళు పోసింది. ఒక్కసారి నా వైపు చూసిందన్నది నిజం. చూసి, మళ్ళీ రుద్దేదాని మీద నీళ్ళు పోసింది.

ఆ చూపులో ఏముందో నాకు తర్వాతి ఏడాది అర్థమైంది. విత్తనం కాయలు ఒలిచే రోజులు. అందరూ భోజనానికి లేచారు, ఆమె లేవలేదు, చేటలో ఏదో వెతుకుతున్నట్టు నటించింది. అందరూ పోయాక స్తంభాన్ని పట్టుకొని, ఒక మోకాలు, ఆగి, రెండో మోకాలు, ఆగి, అట్లా లేచింది. లేచి ఎవరైనా చూశారా అని చుట్టూ చూడబోయింది, మెడ తిరగలేదు, మనిషంతా తిరిగింది. తిరిగిన వైపు అరుగు మీద నేనున్నాను. ఇద్దరం చూసుకున్నాం. తన దాకా వస్తే గాని తెలియదంటారే, అది ఆమెకు వచ్చేసింది. నేను జాలిపడ్డానని రాస్తే మీరు నన్ను మంచిదాన్ననుకుంటారు. జాలిపడలేదు. ఇన్నాళ్ళకు నాకొక సాక్షి దొరికిందనిపించింది.

ఆ మార్గశిరంలో ఆమె తన చీర ఒకటి మడతపెట్టి తెచ్చి నా మంచం మీద పెట్టింది. నులకమంచం ఒత్తుకుంటోంది, ఒక బొంత కుట్టు అంది. నా పెళ్ళయ్యాక ఆమె నన్ను అడిగిన మొదటి కోరిక అది, తక్కినవన్నీ పురమాయింపులే. ఇన్నేళ్ళు నేను కాచుకున్న సమయం ఇదే కదా అనుకొని, చీర ముట్టుకోకుండా, "నాకుండేది రోగమే అని ఒక్కసారి అను అత్తా, కుడతా" అన్నాను. ఆమె చాలాసేపు నిలబడింది. నిలబడటం ఆమెకు ఎంత కష్టమో ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు, అయినా కూర్చోమనలేదు. చివరికి, "నాకేం నొప్పి లేదులే, చలికి అడిగినా" అని చీర తీసుకొని పోయింది. తన నొప్పి ఒప్పుకుంటే నాది ఒప్పుకోవాలి, అదీ చిక్కు. ఆమె వెనక్కి తీసుకుంటుందని నేననుకోలేదు. పిలుద్దామనుకున్నాను. ముందు ఆమే అననీ అనుకున్నాను.

ఆమె అనలేదు, నేను కుట్టలేదు. తన పడకను లోపలి విత్తనాల గదిలోకి మార్చుకుంది, ఎవరికీ కనబడకుండా. ఆ గది గడప ఎత్తు ఎక్కువ, నా మోకాలు దాటదు. సంగటి ముద్ద గిన్నెలో పెట్టి గడప మీద పెట్టేదాన్ని, ఆమె గోడ పట్టుకొని వచ్చి తీసుకునేది. అట్లా మూడు చలికాలాలు జరిగాయి. ఊరంతటికీ బొంతలు కుట్టాను ఆ మూడేళ్ళలో. మూడోదాంట్లో జ్వరం వచ్చి ఆమె కన్నుమూసింది.

మనిషిని ఎత్తాక పడక ఇంట్లో ఉండకూడదు, ఊరి పొలిమేర దాటించి పారేయాలి. మా ఆయన లోపలి నుంచి ఆ పడక చుట్ట తెచ్చి, తాడు కోసం పోతూ అరుగు మీద నా పక్కనే పెట్టాడు. చూస్తే అవి శెనక్కాయల గోనెసంచులు, రెండింటిని విప్పి, మధ్యన తాను కట్టి విడిచిన చీర పరిచి, దబ్బనంతో కుట్టుకుంది. బొంత కుట్టమని నా దగ్గరికి తెచ్చిన చీరే అది. కుట్టు రానిదేం కాదు ఆమెకు, సంచుల మూతులు ఎన్నో కుట్టింది. ఇది మాత్రం వంకర టింకరగా ఉంది. నేను కుట్టేదాన్ని కాబట్టి నాకు ఆ వరుసలు అర్థమయ్యాయి. ఇక్కడ నాలుగు కుట్లు వేసి చెయ్యి ఆగింది, ఇక్కడ దారం బిగలాగలేక వదిలేసింది, ఇక్కడ మర్నాడు మొదలుపెట్టింది, ఇక్కడ నోటితో లాగింది. ఒక మూల దాకా వచ్చి అక్కడితో మానేసింది. నేను ఇన్నేళ్ళు ఏ మాట అనమని అడిగానో, అది మొత్తం ఆ గోనెపట్ట మీద కుట్టి ఉంది. వేలితో తడుముతుండగా మా ఆయన తాడు తెచ్చాడు. ఇది ఉంచుకుంటానని అడగాలనిపించింది, కానీ ఆచారం ఒప్పదు. కట్టుకొని పోయారు. దారిలో చూసినవాళ్ళంతా చూసే ఉంటారు, ఊరికి బొంతలు కుట్టే కోడలున్న ఇంట్లో అత్త కింద ఉన్నది గోనెసంచులని.

ఆ తర్వాత ఎంతో కాలం కుట్టలేదు. కొన్నాళ్ళకు వేళ్ళు కూడా బిగుసుకుపోయాయి, ఇప్పుడు సూది పట్టుకుంటే జారిపోతుంది. కుట్టమని అడిగేవాళ్ళూ లేరు, సంతలో పూల దుప్పట్లు దొరుకుతున్నాయి. వల్లూరు వైపు పోతే శెనక్కాయ చేలన్నీ కరెంటు పుట్టించే సోలారు అద్దాల పలకల కింద పోయాయి, వాటిని తుడిచే పనికి మా ఊరి ఆడపిల్లలు ప్యాంట్లు వేసుకొని బైకుల మీద పోతున్నారు, ఆ పనికి నిలబడితే చాలు, వంగనక్కర్లేదు. మా కోడలు నడుము నొప్పి అంటే నా కొడుకు ఆ సాయంత్రమే తుమకూరు తీసుకుపోయి స్కానింగు తీయించాడు. ఎవరూ అనుమానపడలేదు. కాగితం మీద ఎముక కనిపిస్తుంటే అనుమానం ఎందుకొస్తుంది? మంచి కాలం, కాదనను. మాకు అట్లాంటి కాగితం లేదు. ఒకే ఇంట్లో, ఒకే కడవ నీళ్ళు తాగి, ఒకే తీరున బిగుసుకుపోయిన ఇద్దరు ఆడవాళ్ళం, ఒకరి ముఖం ఒకరం చూసుకుంటే తెలిసిపోయేదే. నాకు ముందే తెలుసు ఆమెకు నొప్పి ఉందని, తెలిసీ చీర ముట్టుకోలేదు. ఆమె చేసింది తెలియక చేసింది.